డాక్టర్ డ్రే పేరు చూసి ఈ సీడీ కొనబోయేవారికి హెచ్చరిక

పాత హిప్‌హాప్ సీడీలను సెకండ్ హ్యాండ్‌లో కొనే మిత్రులెవరైనా అమెరికన్ రాపర్, సంగీత నిర్మాత డాక్టర్ డ్రే పేరుతో "డాక్టర్ డ్రే రెండో ఆల్బమ్, 1996" అన్న ప్రకటన చూసి ఉంటే, డబ్బు పంపే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. గత నెలలో ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర సరిగ్గా ఆ వర్ణనతోనే ఉన్న సీడీని పోస్టు ఖర్చులతో కలిపి 2,400 రూపాయలకు కొన్నాను. వచ్చినది నకిలీ కాదు, దాని మీద గీతలూ లేవు. కానీ అది డాక్టర్ డ్రే రెండో ఆల్బమ్ కాదు. ఆయన స్థాపించిన ఆఫ్టర్‌మాత్ అనే రికార్డు సంస్థ, తన కొత్త కళాకారులను పరిచయం చేయడానికి 1996 నవంబరులో విడుదల చేసిన సంకలనం. దాని అసలు పేరు 'డాక్టర్ డ్రే ప్రెజెంట్స్ ది ఆఫ్టర్‌మాత్'. ప్రకటనలో 'ప్రెజెంట్స్' అన్న మాట లేదు. ఫొటోలో ఆ మాట ఉండవలసిన చోట ధర చీటీ అంటించి ఉంది. మన సినిమా మొదట్లో 'సమర్పణ' అని పడే పేరు చూసి ఆయనే దర్శకుడని ఎవరూ అనుకోరు, నేను మాత్రం ఇక్కడ అలాగే అనుకున్నాను.

ప్రకటన కింద "విమర్శకుల ప్రశంసలు" అంటూ నాలుగైదు వాక్యాలు పెట్టారు. వాటిలో రాపర్ స్నూప్ డాగ్ ప్రస్తావన చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. 1992 డిసెంబరులో వచ్చిన తన మొదటి ఆల్బమ్ 'ది క్రానిక్' ద్వారా స్నూప్‌ను లోకానికి చూపించినది డ్రేయే అయినా, 1996లో డ్రే డెత్ రో అనే తన అప్పటి రికార్డు సంస్థను వదిలి వచ్చేసినప్పుడు స్నూప్ అక్కడే ఉండిపోయి, అదే నవంబరులో డ్రే లేకుండా తన రెండో ఆల్బమ్ తెచ్చుకున్నాడు. అందువల్ల ఈ సంకలనంలో స్నూప్ గొంతు ఉండే అవకాశమే లేదు. ఆ ప్రశంసలు 'ది క్రానిక్'కు వచ్చినవి. వాటిని ఎత్తుకొచ్చి దీని కింద అతికించారు.

ఈ సీడీకి నిజంగా దక్కిన ఆదరణ వేరు. ఇందులోని 16 పాటల్లో డ్రే ఒక్కడే పాడినది 'బీన్ దేర్, డన్ దట్' ఒక్కటే. తుపాకుల ప్రగల్భాలు చాలు, ఇక సంపాదన సంగతి చూద్దామనే ఆ పాటనూ, గ్రూప్ థెరపీ పేరుతో నాస్, కేఆర్ఎస్-వన్, బి-రియల్, ఆర్‌బీఎక్స్ కలిసి చేసిన 'ఈస్ట్ కోస్ట్/వెస్ట్ కోస్ట్ కిల్లాస్'నూ విమర్శకులు మెచ్చుకున్నారు. న్యూయార్క్, కాలిఫోర్నియా రాపర్ల మధ్య వైరం రగులుతూ, కాలిఫోర్నియా పక్షాన నిలిచిన రాపర్ టూపాక్ హత్య జరిగి మూడు నెలలైనా నిండని సమయంలో ఇద్దరు న్యూయార్క్‌వారు, ఇద్దరు కాలిఫోర్నియావారు ఒకే పాటలో నిలబడడం చిన్న విషయం కాదు. ఇన్నేళ్ల తరువాత విన్నా ఆ పాటకు ఉన్న బరువు నాకు తెలుస్తూనే ఉంది. తక్కిన వాటి దగ్గరే పేచీ వచ్చింది. చాలా పాటలకు బాణీలు కట్టినవారు బడ్డా, స్టు-బి-డూ, మెల్-మ్యాన్ వంటివారు. పాడినవారిలో ఎక్కువమంది అప్పటికి ఎవరికీ తెలియనివారు, ఆ తరువాత కూడా ఆఫ్టర్‌మాత్ నుంచి సొంత ఆల్బమ్ అందుకోలేకపోయినవారు. 'ది క్రానిక్' మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి చెవితో తయారైనది కనుక, అదే చెవి కోసం వెతికినవారికి ఇక్కడ గట్టి పాటకూ గట్టి పాటకూ మధ్య నీరసమైన ఆర్ అండ్ బీ (రాప్ కాక గానంగా సాగే) పాటలు ఎదురయ్యాయి. వాటిలో కొన్నింటిని నేను రెండోసారి పూర్తిగా వినలేకపోయాను.

ప్రకటనలో "ప్లాటినం" అని కూడా రాశారు. అది అబద్ధం కాదు. అమెరికాలో దీనికి ఆ గుర్తింపు వచ్చింది. అయితే ఆ రోజుల్లో ప్లాటినం అంటే దుకాణాలకు 10 లక్షల ప్రతులు చేరాయని అర్థమే తప్ప, ఇంటికి తీసుకెళ్లినవారికి నచ్చిందని కాదు. ఇంత అమ్ముడుపోయినా దీన్ని డ్రే వేసిన తప్పటడుగుగానే చెప్పుకొన్నారు. 1999 ఫిబ్రవరిలో ఆఫ్టర్‌మాత్ నుంచి ఎమినెమ్ అనే రాపర్ ఆల్బమ్ 'ది స్లిమ్ షేడీ ఎల్‌పీ', నవంబరులో డ్రే '2001' వచ్చాకే ఆ సంస్థ మీద ఆ మాట పోయింది. ఆ '2001'యే డ్రే అసలు రెండో ఆల్బమ్.

ఆ పేరు దగ్గర ఇంకో గోతి కూడా ఉంది. డెత్ రో సంస్థ 1999 మేలో 'షుగ్ నైట్ రెప్రెజెంట్స్: క్రానిక్ 2000' పేరిట తన సంకలనం ఒకటి విడుదల చేసింది. డ్రే కొత్త ఆల్బమ్‌కు అనుకున్న పేరును ముందుగానే తన్నుకుపోవడం వల్లనే ఆయన '2001'కు మారవలసి వచ్చింది. కాబట్టి 'క్రానిక్' అన్న మాట, దాని పక్కన 2000 అన్న అంకె కనిపిస్తే అది డ్రేది కాదని గుర్తుపెట్టుకోండి. డెత్ రో 1996 నవంబరులోనే తెచ్చిన రెండు డిస్కుల 'గ్రేటెస్ట్ హిట్స్'ను కూడా పాటల పట్టిక చూడకుండా కొనకండి: దానిలో హిట్లతో పాటు, 'బీన్ దేర్, డన్ దట్'ను ఎత్తిపొడుస్తూ జె-ఫ్లెక్స్ అనే రాపర్ చేసిన పాట కూడా చేర్చారు. పగ తీర్చుకునే పాట హిట్ల జాబితాలోకి ఎలా వచ్చిందో ఆ సంస్థకే తెలియాలి.

రికార్డు సంస్థల సంకలనాలన్నీ ఇంతేనని నేను అనడం లేదు. రాకస్ సంస్థ 1999లో తెచ్చిన 'సౌండ్‌బాంబింగ్ 2'ను డీజేలు జె-రాక్, బాబు పాట నుంచి పాటకు తెగకుండా అల్లిన తీరు వల్ల, ఎంతమంది పాడినా అది ఒకే ఆల్బమ్‌లా వినిపిస్తుంది. దానికి మంచి పేరూ వచ్చింది.

ఇక నా డబ్బు సంగతి. తెరిచిన సీడీని వాపసు తీసుకోబోమని అమ్మకందారు ఒకే వాక్యంలో తేల్చేశారు. కానీ 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, వస్తువు ప్రకటనలో చెప్పిన లక్షణాలతో లేనప్పుడు దాన్ని వాపసు తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. ప్రకటన ఫొటోలు, చెల్లింపు రసీదు, సీడీ వెనుక అట్ట మీది పాటల పట్టిక జతచేసి, 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. మీరు కొనబోతున్నా ముందుగా ఆ వెనుక అట్ట ఫొటో అడగండి, నేను అడగలేదు. ఫిర్యాదు తరువాత ప్రకటనలో ఒకే ఒక్క మార్పు జరిగింది: ధర 200 రూపాయలు తగ్గింది. "రెండో ఆల్బమ్" అన్న మాట మాత్రం ఈ ఉదయం చూసినప్పుడు కూడా అలాగే ఉంది.