కరెంటు పోయొచ్చాక ఏది నిలబడింది? పీఎఫ్, ఎన్ఎఫ్‌టేబుల్స్ పక్కపక్కన

ఒంగోలులో నా పని చిన్న ఆఫీసులకి, ఫ్యాక్టరీలకి నెట్‌వర్క్ పెట్టడం. "ఫైర్‌వాల్ బాక్స్ రేటు వింటే గుండె జారిపోతోందన్నా, మూల పడేసిన పాత కంప్యూటర్ ఉంది, దాంతో అయిపోదా?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. అయిపోతుంది. దానికి ఇంకో లాన్ కార్డు తగిలించి, మీద ఓపెన్‌బీఎస్‌డీ గానీ డెబియన్ లైనక్స్ గానీ వేస్తే చాలు. రెండూ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లే. మొదటిదానిలో ఉండే ఫైర్‌వాల్ పేరు పీఎఫ్, రెండోదానిలోది ఎన్ఎఫ్‌టేబుల్స్. మరి రెండిట్లో ఏది?

నేను రెండూ పెట్టాను. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో డెబియన్ మీద ఎన్ఎఫ్‌టేబుల్స్. కావలి దగ్గర సముద్రం ఒడ్డున ఒక రొయ్య సీడ్ హేచరీలో ఓపెన్‌బీఎస్‌డీ మీద పీఎఫ్. అన్నీ సజావుగా ఉన్న రోజున రెండిటికీ పెద్ద తేడా లేదు. నెట్‌లో వచ్చిన డేటా ముక్కని, అంటే ప్యాకెట్‌ని చూస్తాయి, వదలమంటే వదులుతాయి, ఆపమంటే ఆపుతాయి. తేడా బయటపడేది తప్పు జరిగిన రోజునే. అందుకే ఫీచర్ల పట్టిక గీసి మార్కులు వేయడం లేదు.

ముందు పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా. లైనక్స్ తన ఫిల్టర్‌ని చాలాసార్లే మార్చింది. 2.0 కెర్నెల్లో (కెర్నెల్ అంటే సిస్టమ్ గుండెకాయ) ఐపీఎఫ్‌డబ్ల్యూఏడీఎం, 2.2లో ఐపీచైన్స్, 2001లో వచ్చిన 2.4తో ఐపీటేబుల్స్, 2014 జనవరిలో వచ్చిన 3.13తో ఎన్ఎఫ్‌టేబుల్స్. పీఎఫ్ కథ వేరు. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు అంతకుముందు ఐపీఫిల్టర్ వాడేవాళ్ళు. 2001లో దాని లైసెన్సు మీద పేచీ వచ్చి దాన్ని తీసిపారేశారు. ఆ ఖాళీలో డేనియల్ హార్ట్‌మెయర్ రాసిందే పీఎఫ్. అదే ఏడాది డిసెంబరులో 3.0తో బయటికొచ్చింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. అయితే 2010లో 4.7 నాటికి నాట్ (లోపలి కంప్యూటర్లన్నీ ఒకే బయటి ఐపీని పంచుకునే ఏర్పాటు) రాసే పద్ధతి మార్చేశారు. ఫ్రీబీఎస్‌డీ చాలాకాలం పాత పద్ధతినే పట్టుకుని ఉండిపోయింది. కాబట్టి ఎక్కడో దొరికిన పీఎఫ్ ఫైల్‌ని కాపీ కొట్టేముందు అది ఏ బీఎస్‌డీదో చూసుకోవాలి. లైనక్స్ పక్కన ఆ బెడద ఇంకా ఎక్కువ, దొరికే పాఠాలు చాలావరకు ఇప్పటికీ ఐపీటేబుల్స్ భాషలోనే ఉంటాయి.

చదవడానికి పీఎఫ్‌దే పైచేయి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. బ్లాక్ ఆల్ అని ఒక లైను. పాస్ అవుట్ అని ఇంకో లైను. లోపలికి ఫలానా పోర్టుకి (ఒక్కో సర్వీసుకి ఉండే నంబరు) వచ్చేదాన్ని వదులు అని మూడో లైను. చెప్పినట్టే రాయడం, రాసినట్టే చదవడం. నాట్‌తో కలిపి హేచరీ ఫైల్ మొత్తం ఒక్క స్క్రీన్‌లో పట్టేసింది. ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో ముందు టేబుల్ కట్టాలి, అందులో చైన్, అంటే రూల్స్ వరుస, కట్టాలి, ఆ చైన్ ప్యాకెట్ దారిలో ఏ మలుపు దగ్గర కాపు కాయాలో, ఎన్నో వరుసలో నిలబడాలో చెప్పాలి, అప్పుడు రూల్ రాయాలి. ఐపీటేబుల్స్‌తో పోలిస్తే ఇదీ స్వర్గమేలెండి. పాత రకం ఐపీ అడ్రసులైన ఐపీవీ4కి ఒకటి, కొత్త రకం ఐపీవీ6కి ఇంకొకటి అని రెండుసార్లు రాసే ఖర్మ తప్పింది. ఇనెట్ అనే ఒక్క టేబుల్లో రెండూ ఇమిడిపోతాయి. ఐపీటేబుల్స్ రోజుల్లో వీ4కి మాత్రం తాళం వేసి, వీ6 తలుపు బార్లా తెరిచి వదిలేసిన ఆఫీసులు నేనే చూశాను. ఆ తలుపొకటి ఉందనే ఎవరికీ గుర్తు లేదు.

తీర్పు చెప్పే తీరులోనూ తేడా ఉంది. పీఎఫ్ రూల్స్ అన్నీ పైనుంచి కిందదాకా చదివి, ప్యాకెట్‌కి సరిపోయిన వాటిలో చివరిదాని మాట వింటుంది. పంచాయితీలో అందరూ మాట్లాడాక ఆఖర్న పెద్దమనిషి చెప్పిందే తీర్పయినట్టు. మధ్యలోనే తేల్చేయాలంటే రూల్‌కి క్విక్ అనే మాట తగిలించాలి. లైనక్స్ నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ బోల్తా పడతారు, ఎందుకంటే అక్కడ చైన్‌లో ముందు ఏది తగిలితే దానిదే తీర్పు. ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో ఇంకో మెలిక. ఒక చైన్‌లో యాక్సెప్ట్ అన్నారంటే అది ఆ చైన్ వరకే. అదే మలుపులో తర్వాత వరుసలో ఇంకో చైన్ ఉంటే అది మళ్ళీ ఆపొచ్చు. డ్రాప్ అంటే మాత్రం అక్కడితో సరి. హైవే మీద ఒక చెక్‌పోస్టు వదిలిందని తర్వాతి చెక్‌పోస్టు వదలాలని లేదు, పట్టుకుంటే మాత్రం ప్రయాణం అక్కడితో ఆఖరు.

ఇప్పుడు అసలు విషయం.

ఐపీటేబుల్స్ రోజుల్లో ఒక రాత్రి ఒంగోలు నుంచే చీమకుర్తి మెషీన్‌లోకి వెళ్ళి, అన్నీ కొత్తగా రాద్దామని పాత రూల్స్ మొత్తం ఫ్లష్ కొట్టాను. రూల్స్ పోయాయి. మెషీన్‌లోకి వచ్చేవాటిని చూసే ఇన్‌పుట్ చైన్‌కి, ఏ రూలూ తగలకపోతే ఏం చేయాలో చెప్పే పాలసీ మాత్రం డ్రాప్ అనే ఉండిపోయింది. నా కనెక్షన్ అక్కడికక్కడే చచ్చింది. తెల్లారి బండేసుకుని వెళ్ళి, కీబోర్డు మీద రాతి పొడి ఊదుకుని, మానిటర్ తగిలించి సరిచేసుకోవాల్సొచ్చింది. ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో రూల్‌సెట్ మొత్తం ఫ్లష్ చేస్తే చైన్లు కూడా ఎగిరిపోతాయి, అంతా తెరుచుకుంటుంది. పీఎఫ్‌లోనూ రూల్స్ ఖాళీ చేస్తే అంతా తెరిచినట్టే. అంటే ఇదే పొరపాటు పాతదానిలో మనల్ని బయటికి గెంటుతుంది, కొత్తవాటిలో ఊరందరినీ లోపలికి పిలుస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం. మొదటిది కనీసం వెంటనే తెలిసిపోతుంది.

ఈ విషయంలో పీఎఫ్, ఎన్ఎఫ్‌టేబుల్స్ రెండూ ఒక మంచి పని చేస్తాయి. ఫైల్ మొత్తాన్ని ఒకేసారి ఎక్కిస్తాయి. అందులో అక్షరం తప్పున్నా కొత్తది ఎక్కదు, పాత రూల్సే నడుస్తుంటాయి. ఎక్కించకుండా తప్పులు మాత్రం చూసి చెప్పమనే సదుపాయం కూడా రెండిట్లో ఉంది, పీఎఫ్‌సీటీఎల్ కమాండ్‌కి ఎన్, ఎన్ఎఫ్‌టీ కమాండ్‌కి సీ తగిలించాలి. అయినా దూరంనుంచి పని చేసేటప్పుడు ఇది చాలదు, రాత సరిగ్గా ఉండి అర్థం తప్పుగా ఉండొచ్చు కదా. రెండు నిమిషాల తర్వాత పాత ఫైల్‌ని తిరిగి ఎక్కించేలా ఒక కమాండ్ ముందే వెనకాల పెట్టి, అప్పుడు కొత్తది ఎక్కిస్తాను. మనం లోపలే ఉంటే దాన్ని చంపేస్తాం. బయటపడితే రెండు నిమిషాలు టీ తాగి రావచ్చు.

బూట్ అయ్యేటప్పుడు తప్పు బయటపడితే? ఇది నాకు చీమకుర్తే నేర్పింది. అక్కడి రూల్స్‌లో ఒకచోట ఐపీ బదులు సర్వర్ పేరు రాశాను. చేత్తో ఎక్కించినప్పుడు నెట్ ఉంది గనక పేరు ఐపీగా మారింది, నెలల తరబడి ఏ గొడవా లేదు. ఒక ఎండాకాలం సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. డెబియన్‌లో ఎన్ఎఫ్‌టేబుల్స్ నెట్‌వర్క్ కంటే ముందే లేస్తుంది, లేవాలి కూడా. అప్పుడు ఆ పేరుకి ఐపీ చెప్పే దిక్కు లేదు. ఒక్క లైను ఫెయిలైంది కాబట్టి ఫైల్ మొత్తం ఎక్కలేదు, నాట్ సహా. "నెట్ రావట్లేదన్నా" అని ఫోన్. ఫ్యాక్టరీకి నెట్ లేకపోవడం వాళ్ళ సమస్య. నా టెన్షన్ వేరు. స్టాటిక్ ఐపీ ఉన్న ఆ మెషీన్ ఒక్క రూల్ కూడా లేకుండా బయటికి తెరుచుకుని కూర్చుంది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి), డీఎన్ఎస్ (పేర్లకి ఐపీ చెప్పేది), ఫైల్ షేరింగ్, అన్నీ.

ఇదే పొరపాటు ఓపెన్‌బీఎస్‌డీలో చేసినా, ఆ పేరుకి ఐపీ దొరక్కపోతే పీఎఫ్ ఫైల్ ఎక్కదు. కానీ అది బూట్ అవుతూనే, మన ఫైల్ తెరవకముందే, తన సొంత చిన్న రూల్‌సెట్ ఒకటి వేసుకుంటుంది. అన్నీ ఆపు, ఎస్‌ఎస్‌హెచ్ వదులు, ఇంకా బూట్‌కి కావాల్సిన కొద్దిపాటివి వదులు. మన ఫైల్ బాగుంటే దాని స్థానంలోకి వస్తుంది, బాగోకపోతే ఆ చిన్నదే నిలబడుతుంది. ఆఫీసుకి నెట్ రాదు గానీ మెషీన్ మూసే ఉంటుంది, మనం లోపలికి వెళ్ళి సరిచేసే దారీ ఉంటుంది. పడినా ఇంటి వైపే పడటం అంటే ఇదే. లైనక్స్‌లోనూ ఇలాంటిది మనం కట్టుకోవచ్చు, ముందు ఒక చిన్న ఫైల్, తర్వాత పెద్దది అని. కాకపోతే మనం కట్టుకోవాలి.

ఇక్కడిదాకా చదివితే ఓపెన్‌బీఎస్‌డీయే మేలనిపిస్తుంది. ఇప్పుడు అదే కరెంటు కోతని ఇంకో పక్కనుంచి చూడండి.

ఓపెన్‌బీఎస్‌డీ ఫైల్‌సిస్టమ్‌కి జర్నలింగ్ (మార్పుల్ని ముందే ఒక చిట్టాలో రాసుకోవడం) లేదు. కరెంటు ఉన్నట్టుండి పోతే, తిరిగి లేచేటప్పుడు డిస్క్ మొత్తం ఎఫ్ఎస్‌సీకే (తప్పులు వెతికి సరిచేయడం) చేసుకుంటుంది. చాలాసార్లు తనే సర్దుకుంటుంది. సర్దుకోలేనప్పుడు సింగిల్ యూజర్ మోడ్‌లో ఆగిపోయి, ఎవరైనా వచ్చి కీబోర్డు ముందు కూర్చునేదాకా కదలదు. నెట్ లేదు, ఎస్‌ఎస్‌హెచ్ లేదు, ఏ రూల్‌సెట్ ఎంత అందంగా ఉన్నా లాభం లేదు. డెబియన్‌లో ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ తన జర్నల్ చదువుకుని క్షణాల్లో లేచి నిలబడుతుంది.

గ్రానైట్ ఫ్యాక్టరీలో పెద్ద కటింగ్ మెషీన్ స్టార్ట్ అయితే ఆఫీసులో లైట్లు మిణుకుమంటాయి. యూపీఎస్ ఉంటుంది గానీ బ్యాటరీ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. అక్కడ ఓపెన్‌బీఎస్‌డీ పెట్టడమంటే నెలకోసారి చీమకుర్తి ప్రయాణం పెట్టుకోవడమే. హేచరీలో అలా కాదు. గాలి కొట్టే బ్లోయర్లు ఆగితే ట్యాంకుల్లో రొయ్య పిల్ల చచ్చిపోతుంది, కాబట్టి జనరేటర్ విషయంలో వాళ్ళు నిద్రలో కూడా పొరపాటు చేయరు. నా చిన్న మెషీన్ ఆ లైన్ మీదే ఉంది. కరెంటు అంత నమ్మకంగా ఉన్నచోట పీఎఫ్ బంగారం.

ఇక పీఎఫ్‌కి నేను మురిసిపోయే ఇంకో సంగతి. ఒకే ఐపీ నుంచి అర నిమిషంలో నాలుగైదుసార్లు ఎస్‌ఎస్‌హెచ్ తలుపు తడితే, వాణ్ణి ఒక టేబుల్లోకి తోసి, ఉన్న కనెక్షన్లు కూడా తెంచేయ్ అని రూల్‌లోనే చెప్పొచ్చు. వేరే ప్రోగ్రామ్ అక్కర్లేదు. ఎన్ఎఫ్‌టేబుల్స్‌లోనూ డైనమిక్ సెట్లతో, ఇంత సేపయ్యాక దానంతటదే చెరిగిపోయేలా టైమ్‌అవుట్ పెట్టి చేయొచ్చు, రాత కాస్త ఎక్కువ. ప్యాకెట్ ఎక్కడ ఆగిందో వెతకడంలో మాత్రం ఎన్ఎఫ్‌టేబుల్స్‌కి సాటి లేదు. ట్రేస్ పెడితే ఆ ప్యాకెట్ ఏ చైన్‌లోకి వెళ్ళింది, ఏ రూల్ దగ్గర తీర్పు పడింది, లైను లైనుగా చూపిస్తుంది. పీఎఫ్‌లో పీఎఫ్‌లాగ్ ఇంటర్‌ఫేస్ మీద టీసీపీడంప్ (ప్యాకెట్లని చూపించే కమాండ్) పెట్టి చూసుకోవాలి. అదీ మంచిదే, కానీ ముందు ఆ రూల్‌కి లాగ్ అని రాసి ఉండాలి. వేగం గురించి అడక్కండి, మన ఊళ్ళలో తీసుకునే వంద, రెండొందల ఎంబీపీఎస్ లైన్లకి ఏదైనా చాలు.

రెండిటికీ వర్తించే మాట ఒకటి చెప్పాలి, కెమెరాల కోసం పోర్ట్ ఫార్వర్డ్ (బయటి నుంచి లోపలి మెషీన్‌కి దారి) అడిగేవాళ్ళు మరీ ఎక్కువ గనక. ముందు మీ వాన్ ఐపీ, అంటే బయటి వైపు ఐపీ, చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ఇంటర్నెట్ కంపెనీవాళ్ళ నాట్ వెనకాల ఉన్నారు, పీఎఫ్ అయినా ఎన్ఎఫ్‌టేబుల్స్ అయినా బయటి నుంచి దారి ఇవ్వలేవు. పబ్లిక్ ఐపీ ఉన్నా డీవీఆర్‌ని నేరుగా బయటపెట్టొద్దు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కొద్దీ కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి దూరింది తయారీ కంపెనీ పెట్టిన పాస్‌వర్డులు మార్చకుండా వదిలేసినందుకే. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోండి. 2020లోనే అది లైనక్స్ కెర్నెల్లోకీ, ఓపెన్‌బీఎస్‌డీలోకీ వచ్చేసింది.

అదే మెషీన్ మీద డాకర్ (ప్రోగ్రాముల్ని విడివిడి పెట్టెల్లో నడిపేది) కూడా నడుపుతామంటే ఇక పోలిక అక్కర్లేదు, లైనక్సే. అయితే ఉబుంటు లైనక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే తేలిక ఫైర్‌వాల్ టూల్ పెట్టి పోర్టు మూశాం కదా అని ధీమాగా ఉండొద్దు. డాకర్ పబ్లిష్ చేసిన పోర్టుకి వచ్చే ప్యాకెట్ ముందే దారి మళ్ళి ఫార్వర్డ్ వైపు పోతుంది, యూఎఫ్‌డబ్ల్యూ కాపు కాసే ఇన్‌పుట్ గడప తొక్కదు. కమాండ్లు అసలు వద్దు, మౌస్‌తో క్లిక్ చేసుకుంటాం అనేవాళ్ళకి ఓపీఎన్‌సెన్స్ ఉంది. కింద ఫ్రీబీఎస్‌డీ, పీఎఫ్‌లే, పైన బ్రౌజర్‌లో తెరుచుకునే తెరలు. జెడ్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్‌తో ఇన్‌స్టాల్ చేస్తే కరెంటు కోతలకీ తట్టుకుంటుంది.

మిగిలింది మనుషుల సంగతి. ఓపెన్‌బీఎస్‌డీ ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ ఇస్తుంది, చివరి రెండిటికే ప్యాచ్‌లు ఇస్తుంది. అప్‌గ్రేడ్ ఒక్క కమాండే గానీ ఏడాదిలోపు ఎవరో ఒకరు ఆ కమాండ్ కొట్టాలి. డెబియన్‌ని ఎల్‌టీఎస్, అంటే పొడిగించిన సపోర్టుతో కలిపి అయిదేళ్ళు అలా నడపొచ్చు. లైనక్స్ కోర్సు చేసిన కుర్రాళ్ళు ఒంగోలు, నెల్లూరుల్లో దొరుకుతారు. ఓపెన్‌బీఎస్‌డీ తెలిసినవాడు నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. హేచరీ వాళ్ళకి నేనొక్కణ్ణే దిక్కు, ఆ సంగతి వాళ్ళకి ముందే చెప్పాను.

కాబట్టి కరెంటు గట్టిగా ఉండి, ఏడాదికి రెండుసార్లు నేను వెళ్ళే చోట పీఎఫ్. కరెంటు మీద నమ్మకం లేనిచోట, నా తర్వాత ఎవరు చూస్తారో తెలియనిచోట ఎన్ఎఫ్‌టేబుల్స్. చీమకుర్తి మెషీన్‌ని డెబియన్‌లోనే ఉంచాను. రూల్స్‌లో పేర్లన్నీ తీసేసి ఐపీలు రాశాను. అన్నీ ఆపి ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం వదిలే చిన్న ఫైల్ ఒకటి ముందుగా ఎక్కేలా పెట్టాను. తర్వాత అకౌంటెంట్‌తో చెప్పి, అందరూ ఇళ్ళకి వెళ్ళాక, ప్లగ్ పీకి మళ్ళీ పెట్టి చూశాను. ఫైబర్ బాక్స్‌లో పచ్చ లైటు వెలగకముందే రూల్స్ ఎక్కి ఉన్నాయి.