సుంకి ఘాట్‌లో బీఎండబ్ల్యూ 520డి, బెంజ్ ఈ 220డి

మాది ఒడిశాలోని జయపురం. విశాఖ వెళ్ళాలంటే కొరాపుట్ దాటి, సుంకి ఘాట్ దిగి సాలూరు చేరాలి. నాది బీఎండబ్ల్యూ 520డి, అన్నయ్యది బెంజ్ ఈ 220డి. రెండూ 2017లో మన దేశానికి వచ్చిన తరం బండ్లే. రెండూ ఆ దారిలో నడిపాను.

కాగితం మీద పెద్ద తేడా లేదు. బీఎండబ్ల్యూకి 190 హెచ్‌పీ, బెంజ్‌కి 194. టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, రెండింటికీ 400 ఎన్ఎమ్. ఘాట్‌లో మాత్రం తెలిసిపోతుంది. లోడు లారీ వెనక పాకుతూ వెళ్ళి, రోడ్డు ఖాళీ దొరగ్గానే యాక్సిలరేటర్ తొక్కితే 520డి వెంటనే గేరు దించుకుని దూసుకుపోతుంది. స్టీరింగ్ ఎంత తిప్పితే అంతే తిరుగుతుంది. టెన్షన్ ఉండదు. బెంజ్ మలుపుల్లో కాస్త ఊగుతుంది.

అయినా అమ్మ బెంజే ఎక్కుతుంది. ఆ తరం బెంజ్ ఈ-క్లాస్‌ని ఇక్కడ లాంగ్ వీల్‌బేస్‌తో అమ్మారు, అంటే ముందు, వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువ, 3,079 మిల్లీమీటర్లు. 520డిది 2,975. ఆ పది సెంటీమీటర్లూ వెనక సీట్లో మోకాళ్ళ ముందే దొరుకుతాయి. కీళ్ళ నొప్పులున్న మనిషి, హాయిగా కాళ్ళు చాపుకుని సాలూరు దాకా నిద్రపోయింది.

సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే, సొంతంగా నడిపేవాళ్ళు 520డి తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, డ్రైవర్ ఉంటే, ఈ 220డి. దాన్ని మాత్రం ఊళ్ళలో ఎత్తు స్పీడ్ బ్రేకర్ల మీద, అడుగు తగలకుండా ఏటవాలుగా, నెమ్మదిగా ఎక్కించాలి.