లింక్ డాక్యుమెంట్లా, సర్కారు గ్యారంటీయా: భూమి హక్కుకు ఏది మేలు?

మా ఇంట్లో బీరువా అడుగున ఒక రేకు పెట్టె ఉంది. తాతల నాటి దస్తావేజులన్నీ అందులోనే ఉంటాయి. మడతల దగ్గర చిరిగిన చోట వెనక పల్చటి గుడ్డ అంటించారు. ఒకదాంట్లో హద్దులు ఇలా రాసుంటాయి: తూర్పు ఫలానా ఆయన మాగాణి, పడమర పుంత, ఉత్తరం తాటిచెట్ల గట్టు. ఆ ఫలానా ఆయన మునిమనవలు ఏ ఊళ్లో ఉన్నారో తెలియదు. తాటిచెట్లు ఎప్పుడో పోయాయి. అయినా ఆ పొలం మాదని చెప్పడానికి ఆ కాగితమే ఆధారం.

ఆధారమే, గ్యారంటీ మాత్రం లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ రిజిస్టర్ చేసేది దస్తావేజును, యాజమాన్యాన్ని కాదు. ఫలానా రోజున ఫలానా వాడు ఫలానా వాడికి రాసిచ్చాడన్నంత వరకే ఆ ముద్ర సాక్ష్యం. అసలు అమ్మే హక్కు వాడికుందా లేదా అన్నది కొనేవాడే చూసుకోవాలి. ఈసీ (ఆ భూమి మీద నమోదైన లావాదేవీల పత్రం) తీయించడం, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) అడగడం, లాయరు ఒపీనియన్ తీసుకోవడం, ఈ తిప్పలన్నీ అందుకే. పట్టాదారు పాస్‌బుక్ కూడా అంతే. తప్పని ఎవరైనా రుజువు చేసేదాకా చెల్లుతుంది. ఆఖరి మాట సివిల్ కోర్టుది. అక్కడ తండ్రి వేసిన దావా కొడుకు నడుపుతుంటాడు.

రెండో పద్ధతిని 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ తెచ్చాడు. ఆయన లాయరు కాదు, కస్టమ్స్‌లో పనిచేసినవాడు. ఓడ ఎవరిదో తెలియాలంటే రిజిస్టర్లో పేరు చూస్తే చాలు కదా, భూమికి మాత్రం ఈ పాత కాగితాలు తిరగేసే గోల ఎందుకన్నాడు. రిజిస్టర్లో పేరున్నవాడే ఓనరు, హామీ ప్రభుత్వానిది. రిజిస్టర్ వల్ల ఎవరికైనా అన్యాయంగా భూమి పోతే డబ్బు కట్టివ్వడానికి విడిగా ఒక నిధి కూడా పెట్టారు.

వినగానే రెండోదే మేలనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. తీరా చూస్తే ఇది ఆఫీసు పద్ధతుల దగ్గర ఆగే విషయం కాదు. హక్కు ముందా, రాజ్యం ముందా అన్న పాత తగువు దీని కింద ఉంది.

రాజ్యం లేని చోట నాది, నీది అన్న మాటలకు అర్థమే లేదని ఇంగ్లండ్ తత్వవేత్త థామస్ హాబ్స్ 1651లో రాశాడు. ఎవడు ఎంత పట్టుకుంటే అంత, ఎన్నాళ్లు నిలుపుకుంటే అన్నాళ్లు. రాజ్యం వచ్చాకే ఆస్తి అన్నది పుట్టిందంటాడు. దానికి ఆయనే ఒక తోక తగిలించాడు: ఆ హక్కు పక్కవాణ్ని ఆపుతుంది గానీ రాజును ఆపలేదు. దాదాపు నలభై ఏళ్లకు అక్కడి మరో తత్వవేత్త జాన్ లాక్ దీన్ని తిరగేశాడు. నా ఒళ్లు నాది, నా కష్టం నాది, కాబట్టి నేను సాగులోకి తెచ్చిన నేల నాది. రాజ్యం పుట్టిందే దాన్ని కాపాడ్డానికి, కనుక నన్ను అడక్కుండా తీసుకోవడానికి వీల్లేదు. మా రేకు పెట్టె లాక్ పక్షం, టోరెన్స్ రిజిస్టర్ హాబ్స్ పక్షం అంటే పండితులు మొట్టికాయ వేస్తారేమో! కానీ తేడా అక్కడే ఉంది. మొదటి పద్ధతిలో సర్కారు సాక్షి. రెండోదాంట్లో సర్కారే దాత.

హాబ్స్ తగిలించిన ఆ తోక ఆంధ్రప్రదేశ్‌లో బాగానే కనిపించింది. 2023లో అమల్లోకి వచ్చిన టోరెన్స్ తరహా ల్యాండ్ టైటిలింగ్ చట్టం భూమి తగాదాలను సివిల్ కోర్టుల నుంచి తప్పించి టైటిలింగ్ అధికారులకు, వాళ్ల మీద అప్పీలు వినే అధికారులకు అప్పగించింది. ఆ పైన హైకోర్టే. కోర్టుల్లో ఏళ్లకేళ్లు నలగడం తప్పుతుందన్నది సమర్థించినవాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ పక్క చేనువాడు గట్టు జరిపితే అధికారి దగ్గరికి వెళ్తాం. అధికారే పేరు మారిస్తే? లాయర్లు విధులు బహిష్కరించారు, అది ఎన్నికల్లో పెద్ద గొడవైంది, 2024లో చట్టం రద్దయింది. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి అనే భూరికార్డుల పోర్టల్ దీనికి తలకిందులు. అక్కడ తహసీల్దారుకు తప్పు దిద్దే అధికారం తీసేసి, తగాదా ఉంటే కోర్టుకు పొమ్మన్నారు. పాత పహాణీలో (ఊరి సాగు రికార్డులో) ఉండే అనుభవదారు కాలమ్, అంటే నేల నిజంగా ఎవరి సాగులో ఉందో రాసే గడి, కూడా పోయింది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది.

లాక్ పక్షంలోనూ మరక ఉంది. అమెరికాలో అక్కడి తెగలు దున్నడం లేదు కాబట్టి ఆ నేల ఖాళీగా ఉన్నట్టేనన్న వాదనకు ఆయన సూత్రమే పనికొచ్చింది. ఆస్ట్రేలియాలోనూ టోరెన్స్ రిజిస్టర్ మొదటి పేజీలో ఆదివాసుల పేర్లు లేవు. వాళ్లకు ముందునుంచీ హక్కుందని అక్కడి హైకోర్టు ఒప్పుకున్నది 1992లో, మాబో కేసులో.

మన ఏజెన్సీలో పోడు చేసుకునేవాడికి రేకు పెట్టే లేదు, రిజిస్టర్లో పేరూ లేదు. అతనికి పనికొచ్చింది 2006 అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడికి నాలుగు హెక్టార్ల దాకా హక్కు గుర్తిస్తుంది. ఆ ‘గుర్తించడం’ అన్న మాట చూడండి, ‘ఇవ్వడం’ అనలేదు. కష్టం ముందు, కాగితం తర్వాత. లాక్ మాట పేదవాడి వైపు మొగ్గిన అరుదైన చోటు ఇది.

తేల్చి చెప్పమంటే, టౌన్లో ఫ్లాటు కొనేవాడికి నేను టోరెన్స్ పద్ధతే మేలంటాను. అక్కడ తాటిచెట్ల గట్లు లేవు, అపార్ట్‌మెంటుకు చరిత్రా పెద్దగా ఉండదు. పొలాల దగ్గరికి వచ్చేసరికి, ఎంత విసుగు పుట్టించినా లింక్ డాక్యుమెంట్లే నయం. గ్యారంటీ ఇస్తానన్న సర్కారు తన తప్పుకు డబ్బు కట్టే నిధి ముందు చూపించాలి, సివిల్ కోర్టు తలుపు తెరిచే ఉంచాలి. అప్పుడు నా మాట మార్చుకుంటాను.

ఆస్తి హక్కు 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల జాబితాలోంచి పోయింది. మిగిలింది 300-ఎ అధికరణం: చట్టం అనుమతిస్తే తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదు. చట్టం అంటూ ఒకటి ఉంటే చాలా అంటే, చాలదని సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పింది. నోటీసు, మాట చెప్పుకునే అవకాశం, కారణాలు చూపే ఉత్తర్వు, ప్రజా ప్రయోజనం, న్యాయమైన పరిహారం సహా ఏడు అంశాలు లెక్కపెట్టింది. అది భూసేకరణ కేసులో చెప్పిన మాట. రిజిస్టర్లో పేరు మార్చడానికీ అదే కొలత పెట్టాలని నేనంటాను. ఆ ఏడింటిలో మొదటిది నోటీసు. పాస్‌బుక్‌లోంచి తన పేరు పోయిన సంగతి పంట రుణం కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు తెలిసినవాళ్లు మా మండలంలోనే ఉన్నారు.