రబ్బింగ్ కాంపౌండ్‌తో నాలుగేళ్లు

నాది నల్ల కారు, 2019లో కొన్నాను. ఉండేది ఒంగోలులో. ఉద్యోగం చీమకుర్తిలో, ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాయడం. రోజూ కర్నూలు రోడ్డు మీద రానూపోనూ నలభై కిలోమీటర్లు, సాయంత్రానికి కారంతా రాతిపొడి. అన్నీ తెలిసి నల్లరంగే కావాలని పట్టుబట్టింది నేనే. ఎవరినీ అనడానికి లేదు.

2021లో రైతుబజారు దగ్గర పెట్టి కూరగాయలు తెచ్చుకునేలోపు ఎవరిదో స్కూటర్ ఎడమపక్క వెనక డోరును గీరి పోయింది. జానెడు గీత. పెయింటర్‌కి చూపిస్తే డోరు మొత్తం రంగు కొట్టాలి, 3,500 అవుతుందన్నాడు. మనసొప్పలేదు. ముందు ఇంట్లో ఉన్న టూత్‌పేస్టు రుద్దాను. డోరు పుదీనా వాసన వచ్చింది, గీత మాత్రం అక్కడే ఉంది. మర్నాడు స్పేర్ పార్టుల షాపులో రబ్బింగ్ కాంపౌండ్, అంటే గీతల మీద రుద్దే పేస్టు, ట్యూబు ఒకటి కొన్నాను, రెండొందల లోపే. ఏ కంపెనీదో రాయడం లేదు. తర్వాత ఇంకో రెండు రకాలు వాడాను, నా చేతిలో అన్నీ ఒకేలా పనిచేశాయి.

అది పనిచేసే తీరు నాకు ట్యూబు మీద చదివితే అర్థం కాలేదు. మా ఫ్యాక్టరీలో పాలిషింగ్ చూసే మేస్త్రి చెబితే తెలిసింది. "గీత యాడికీ పోదు అబ్బయా. దాని చుట్టూ ఉండేది కిందికి దిగుద్ది. రాయికైనా అంతే" అన్నాడు. గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ స్లాబుని ముందు గరుకు రాళ్లతో, తర్వాత నున్నటివాటితో వరసగా అరగదీసుకుంటూ పోతే చివరికి అద్దంలా మెరుస్తుంది. కాంపౌండ్‌లోనూ ఉండేది సన్నటి గరుకు పొడే. తేడా ఒకటే. స్లాబు మందం రెండు సెంటీమీటర్లు. కారు రంగు మీద ఉండే క్లియర్ కోటు, అంటే రంగులేని మెరుపు పొర, మామూలుగా 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కన్నా పల్చన. రుద్దినప్పుడల్లా అందులోంచే ఖర్చవుతుంది.

అందుకని ఇప్పుడు ట్యూబు మూత తీసేముందు గీత మీద నీళ్లు చల్లి చూస్తాను. తడిగా ఉన్నంతసేపు గీత మాయమైతే అది పైపొరలోనే ఉన్నట్టు, రుద్దితే పోతుంది. గోరు అడ్డంగా లాగితే తగులుతోందంటే లోతుగా దిగినట్టే. దానికి కాంపౌండ్ దండగ, రంగు పెన్ను తెచ్చుకోవడమే. నా డోరు గీతలో ముప్పాతిక భాగం మొదటి రకం. నీడలో, చల్లగా ఉన్న డోరు మీద, కడిగి ఆరాక, చెనక్కాయ గింజంత కాంపౌండ్ మైక్రోఫైబర్ గుడ్డ మీద వేసుకుని అరచేతి మేర రుద్దాను. ఐదారు నిమిషాలకి ఆ ముప్పాతిక పోయింది. మిగిలిన పావు గోటికి తగులుతోంది. అక్కడ ఆగి ఉంటే బాగుండేది.

ఆగలేదు. ఆ పావు భాగం డోరు మధ్యలో ఉండే మడత మీదుగా పోయింది. అలాంటి అంచుల మీద పొర ఇంకా పల్చగా ఉంటుందని అప్పటికి తెలియదు. పంతం కొద్దీ రుద్దుతుంటే గుడ్డకి నల్లరంగు అంటింది. క్లియర్ కోటు దాటిపోయి అసలు రంగుని అరగదీస్తున్నానన్నమాట. చూసేసరికి మడత మీద బియ్యపు గింజంత బూడిదరంగు మచ్చ. ఇప్పుడైతే అంచుల మీద ముందే మాస్కింగ్ టేపు అంటిస్తున్నాను. ఇంకోసారి మే నెల ఎండలో బానెట్ మీద కాంపౌండ్ పెట్టాను. తుడిచేలోపే ఎండిపోయి తెల్లటి చారలు కట్టింది. అవి వదిలేసరికి చొక్కా తడిసింది.

ఈ నాలుగేళ్లలో నన్ను నిజంగా సిగ్గుపడేలా చేసింది మాత్రం ఈ రెండూ కాదు. ఒకరోజు రాత్రి పెట్రోలు బంకులో లైట్ల కింద చూస్తే కారంతా సాలెగూడులా సన్నటి గీతలు. ఏ స్కూటరూ చేసిన పని కాదది. రోజూ పొద్దున్నే పసుపు గుడ్డతో రాతిపొడిని పొడిపొడిగా తుడిచింది నేనే. రాయిని కోస్తే వచ్చిన పొడితో రంగుని రుద్దితే ఇంకేం మిగులుతుంది? ఒకపక్క ట్యూబుతో గీతలు తీస్తూ, ఇంకోపక్క గుడ్డతో గీస్తూ రెండేళ్లు గడిపాను. ఇప్పుడు పొడిగుడ్డ ముట్టుకోను. ముందు పైనుంచి ధారగా నీళ్లు పోస్తాను, తర్వాతే షాంపూ. గుడ్డ జాడించడానికి వేరే బకెట్టు. తీరిక లేని రోజు దుమ్ముతోనే ఆఫీసుకి పోతాను. మొదటి ట్యూబు ఏడాదిలో అయిపోయింది. ఇప్పుడున్నది రెండేళ్లయినా సగం కూడా కాలేదు.

కొనాలా అంటే, నల్లకారు వాళ్లు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. పార్కింగ్‌లో సంచీ రాసుకున్న గీతలు, డోరు హ్యాండిల్ వెనక గోళ్ల గీతలు చక్కగా పోతాయి. రుద్దినచోట వ్యాక్స్ కూడా పోతుంది కాబట్టి మళ్లీ పట్టించాలి. మాట్ ఫినిష్ కారుకి మాత్రం వద్దు, మచ్చలా మెరుస్తుంది.

డోరు మడత మీది మచ్చకి రంగు పెన్నుతో చుక్క పెట్టాను. మా ఆవిడకి అది కనపడదు, నాకు తప్ప ఎవరికీ కనపడదనే అనుకున్నాను. మొన్న మేస్త్రి కారెక్కబోతూ వంగి, వేలితో ఓసారి తడిమి చూసి, "ఇంక దాన్ని ముట్టుకోబాక" అన్నాడు.