ఆరేళ్ల హ్యాండోవర్ నోట్: వాడి చూసిన అనుభవం

హైదరాబాద్, మ్యూనిక్, డల్లాస్‌లలో ఉంటూ ఒకే ప్రాజెక్టుపై పనిచేసే మా 12 మంది బృందం 6 ఏళ్లుగా, రోజూ పని ముగించే ముందు, హ్యాండోవర్ నోట్ (పని ఎక్కడిదాకా వచ్చిందో మిగతావారికి అప్పజెప్పే రాత) రాస్తోంది. ఇది కొనుక్కునే సాఫ్ట్‌వేర్ కాదు. అందరికీ తెరుచుకునే ఒక ఉమ్మడి డాక్యుమెంటు, అందులో నాలుగు శీర్షికలు: అయినవి, సగంలో ఉన్నవి, నా వల్ల కానివి, ఎవరి జవాబు కోసం ఆగాను. ముఖపరిచయం లేనివారి మధ్య నమ్మకం కుదర్చడానికి మేము చేసిన ప్రయత్నాల్లో, శుక్రవారం వీడియో కాల్‌లో బలవంతంగా ఆడించిన క్విజ్‌లతో సహా, నిలిచింది ఇదొక్కటే.

మొదటి 3 నెలలు మూడో శీర్షిక కింద హైదరాబాద్ నుంచి ఒక్క అక్షరం పడలేదు. కుదరదని చెప్పడానికి మొహమాటపడి మనం 'చూద్దాం' అంటాం, దాని అర్థం మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ మాటే కాల్‌లో 'ట్రై చేస్తాం' అయ్యేసరికి మ్యూనిక్ వారు దాన్ని ఒప్పుకోలుగా రాసుకుని, గడువు నాటికి పని కనిపించకపోతే మాట తప్పామనుకునేవారు. ఒక రాత్రి నేను టెస్ట్ డేటాబేస్‌లో ఒక స్క్రిప్టును పొరపాటున వేరే టేబుల్‌పై నడిపి అందులోని డేటా మొత్తం చెరిపేశాను. ఎవరూ గమనించని గంటలవి, ఊరుకుంటే సాగిపోయేదే. అయినా 'ఆర్డర్ల టేబుల్ చెరిపింది నేనే, బ్యాకప్ తీయడానికి నాకు అనుమతి లేదు' అని రాసి పడుకున్నాను, నిద్ర మాత్రం పట్టలేదు. తెల్లవారేసరికి డల్లాస్ సహోద్యోగి టేబుల్‌ను తిరిగి నింపి, అంతకుముందు నెల తానూ అదే పని చేసి చెప్పలేదని కింద ఒక వాక్యం చేర్చారు. ఆ వారం నుంచి మూడో శీర్షిక ఖాళీగా ఉన్న రోజులు అరుదు.

నోట్‌లో వేళలు యూటీసీలో (ఏ దేశపు గడియార మార్పులకూ కదలని ప్రపంచ ప్రమాణ కాలంలో) రాయాలన్న నియమం ఆలస్యంగా వచ్చింది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, జర్మనీలో ఆ నెల చివరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, మనవి జరగవు. మధ్యలోని 2 లేదా 3 వారాల్లో డల్లాస్‌కు, మ్యూనిక్‌కు తేడా 7 గంటలకు బదులు 6 గంటలే ఉంటుంది. మొదటి ఏడాది ఈ లెక్క తప్పి కాల్‌కు గంట ఆలస్యంగా వచ్చినవారిని నిర్లక్ష్యపరులని మేమే అనుకున్నాం.

లోపాలు లేకపోలేదు. మధ్యలో ఒక మేనేజర్ నోట్‌లోని పంక్తులను లెక్కపెట్టి పనితీరుకు కొలతగా వాడబోతే, వారం తిరక్కుండానే అందరి 'అయినవి' బారెడు పెరిగాయి, 'నా వల్ల కానివి' మాయమయ్యాయి. ఆ లెక్క ఆపించాక కూడా పాత ధోరణి తిరిగి రావడానికి 4 నెలలు పట్టింది. రోజుకు పావుగంట పోతుంది, దానికి నాకు విచారం లేదు. రాతలో గొంతు వినిపించదు కనుక, అభిప్రాయభేదం వచ్చినప్పుడు మాత్రం నేను నోట్ మూసి ఫోన్ చేస్తాను.