గచ్చు మీద వినైల్: నాలుగు వానాకాలాల తర్వాత

హన్మకొండలో మాది పాత ఇల్లు, సిమెంటు గచ్చు. అమ్మ మోకాళ్ల నొప్పులతో చల్లటి నేల మీద నడవలేకపోతోందని 2020 చివర్లో హాల్లో, మరుసటి వేసవిలో అమ్మ గదిలో వినైల్ (ఒకరకం ప్లాస్టిక్) పలకలు వేయించాం. రెండు చోట్లా అదే సరుకు, అదే గమ్. కింద గచ్చును తయారు చేసిన తీరే వేరు.

హాల్లో ఊడ్చి, గమ్ పూసి, ఒక్క రోజులో అంటించి వెళ్లిపోయారు. మొదటి వానలకే గోడ వారన అంచులు లేచాయి. 2023 జులై వానలప్పుడు నీళ్లు ఇంట్లోకి రాలేదు గానీ నేలలోంచి చెమ్మ ఎక్కి నాలుగు వరసలు ఊడొచ్చాయి. పలక ఎత్తి చూస్తే వెనక గమ్‌కి గచ్చు పైపొర తెల్లటి పొడిలా అంటుకుని ఉంది.

అమ్మ గదికి వచ్చిన పెద్ద మేస్త్రీ మొదటి రోజు పనే మొదలుపెట్టలేదు. అడుగున్నర చదరం ప్లాస్టిక్ కవరు నేల మీద పరిచి, నాలుగు వైపులా టేపు వేసి వెళ్లాడు. మర్నాడు తీస్తే బాత్‌రూమ్ గోడ పక్కన కవరు లోపల నీటి చుక్కలు, కింద గచ్చు నల్లబడి ఉంది. "గచ్చు పచ్చిగున్నది సార్, ఇప్పుడు పైన ఏమేసినా ఆగది" అన్నాడు. పైపు లీకేజీ బాగుచేయించి నెలన్నర ఆరబెట్టాం. మే ఎండలకు ఆరిన నేల శ్రావణంలో మళ్లీ చెమ్మెక్కుతుందని, ఆ చెమ్మను పైకి రానివ్వని ఎపాక్సీ కోటింగ్ వేయాల్సిందేనని పట్టుబట్టాడు. ఆ మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నా.

ముందు సుత్తితో తట్టి, డొల్లగా మోగిన చోట పగలగొట్టి పూడ్చాడు. తర్వాత గ్రైండింగ్. సిమెంటు దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు హాని, మాస్కు లేకుండా ఆ గదిలోకి ఎవరినీ వెళ్లనివ్వకండి. నీటి చుక్క వేస్తే ముత్యంలా నిలవకుండా ఇంకిపోయేదాకా గీకించాం. ఎపాక్సీ రెండో కోటు తడిగా ఉండగానే, పైపొరకు పట్టు దొరకాలని పొడి ఇసుక చల్లాడు. ఆపై పట్టు కోసం ప్రైమర్, దాని మీద సెల్ఫ్ లెవెలింగ్, అంటే పోస్తే తనంతట తానే పారి సమంగా పరుచుకునే సిమెంటు మిశ్రమం. బాగా పారుతుందని కుర్రాడు ఇంకో మగ్గు నీళ్లు పోయబోతే మేస్త్రీ చెయ్యి పట్టుకుని ఆపాడు. నీళ్లెక్కువైతే పైపొర బలహీనపడి పొడి రాలుతుంది. చివర పది అడుగుల అల్యూమినియం పట్టీ పెట్టి చూస్తే ఎక్కడా 3 మిల్లీమీటర్ల సందు కూడా లేదు.

ఖర్చు దాదాపు వినైల్ ఖరీదంత అయింది. నేల ఎత్తు పెరిగి తలుపు రాసుకుంటే అడుగున రంధా పట్టించాల్సి వచ్చింది. ఈ సంగతి ముందే చూసుకోండి. నాలుగు వానాకాలాలు గడిచినా ఆ గదిలో ఒక్క అంచు లేవలేదు.

ఇప్పుడు హాల్లో పలకలన్నీ తీయించి, వానలు పడుతుండగానే రెండు మూలల్లో కవరు అంటించాను. కిటికీ వైపు పొడిగానే ఉంది. వీధి గోడ వైపు మాత్రం ఇంకా చుక్కలు కడుతున్నాయి.