తుపాను రాత్రికి ఏ బుడ్డి మేలు?

బుడ్డి అంటే సీసాతోనో రేకు డబ్బాతోనో ఇంట్లో చేసుకునే కిరసనాయిలు దీపం. ఒరిగి పడితే ఏమవుతుందన్నదే దానికి మొదటి పరీక్ష. మందుసీసా బుడ్డి అక్కడే ఓడిపోతుంది. నూనె ఎంతుందో కనపడుతుంది, సరే. పగిలిందంటే మాత్రం కిరసనాయిలూ మంటా కలిసి నేలంతా పరుచుకుంటాయి.

రేకు డబ్బాలన్నీ ఒకటి కావు. కూల్‌డ్రింకు టిన్ను అల్యూమినియం. మామూలు సోల్డరింగుతో వేసిన మాటు, అంటే అతుకు, నిలవదు, నొక్కితే సొట్ట. పాలపొడి డబ్బా తగరం పూసిన ఇనుపరేకు, మాటు చక్కగా పడుతుంది. పురుగుమందు డబ్బాల జోలికే పోవద్దు.

పొడుగు డబ్బా కంటే 8 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తున్న పొట్టిది మేలు. తొణకదు, నూనె మట్టం నెమ్మదిగా దిగుతుంది కాబట్టి వెలుగూ తొందరగా తగ్గదు. మూతలో ఒత్తికి వేలెడు మందం గొట్టం పెట్టొద్దు, 6 మిల్లీమీటర్లు చాలు. మూతపైన 3 సెంటీమీటర్లు లేవాలి. సీసం-తగరం మాటు 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలెడుతుంది, మంట దానికి దూరంగా ఉండాలి. మూతకు, గొట్టం పక్కన, సన్న మేకుతో ఒక బెజ్జం కొట్టండి. చాలామంది మరిచేది ఇదే. నూనె తగ్గినచోటికి గాలి చేరకపోతే కాసేపు బాగా వెలిగి, ఉన్నట్టుండి కునుకుతుంది. చేశాక నీళ్లు పోసి చూస్తే చాలదు. నీళ్లు ఆగిన అతుకులోంచి కూడా కిరసనాయిలు పాకుతుంది. కాస్త పోసి, రాత్రంతా పాత పేపరు మీద ఉంచితే తెల్లారేసరికి మరక చెబుతుంది.

ఒత్తికి పాత నూలు పంచె పేలిక వాడండి. పాలిస్టరు కరిగి ముద్దవుతుంది. గొట్టం పైకి 3 మిల్లీమీటర్లే రావాలి, మించితే గోడంతా మసి. డబ్బా ముప్పావు వంతే నింపాలి. కిరసనాయిల్లో పెట్రోలు చుక్క కూడా కలవకూడదు, కలిస్తే బుడ్డి భగ్గుమంటుంది.

కిరసనాయిలు దొరక్క వంటనూనె పోస్తే ఈ బుడ్డి పనికిరాదు. చిక్కటి నూనె అంత ఎత్తు ఎక్కదు, ఒత్తి మాడిపోతుంది. దానికి బాగా కడిగిన బూటుపాలిష్ డబ్బా మేలు: రెండు సెంటీమీటర్ల లోతు, అంచుకు వాల్చిన ఒత్తి, అంటే ప్రమిదే. వెలుగు తక్కువే, కానీ ఒలికినా కిరసనాయిల్లా చప్పున అంటుకోదు. పిల్లలున్న ఇంట్లో మా ఓటు దీనికే.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపొడ్డు ఊళ్లలో రేకుకు అసలు శత్రువు ఉప్పుగాలి. తుప్పు కత్తిరించిన అంచు దగ్గరే మొదలవుతుంది, అక్కడ తగరం పూత ఉండదు మరి. అక్టోబరులో వానలు మొదలవకముందే అడుగు తిప్పి చూసి గోటితో గీకండి. పొలుసు రాలితే కొత్త డబ్బా వెతకాల్సిందే.